మూలం లేదు

ఏటి మూలం, ఋషి మూలం అడగకూడదంటారు.
ఉషియాకి జీతమిచ్చేది అది అడగడానికే.

కొరూన్యాలో, మూడో అంతస్తు గదిలో,
గొడుగు మూలన ఆరబెట్టి, కాఫీ పక్కన పెట్టుకుని
తొమ్మిదింటికి ఆ పేజీ తెరుస్తుంది.
కందోయ్రా ఉప్పుటేరు: పొడవెంత, లోతెంత,
ఆల్చిప్పల్ని మోకులకు వేలాడదీసి పెంచే తెప్పలు ఎన్ని,
వంతెన ఏ ఏట కట్టారు.
నాలుగో పేరాలో ఒక వాక్యం.

"ఆ ఫిబ్రవరిలో పదకొండు రోజులు
కాగితపు మిల్లు దిగువన ఆల్చిప్పలన్నీ
నోళ్ళు తెరుచుకుని చచ్చిపోయాయి."

తీసేస్తుంది.
కారణం రాయాల్సిన గడిలో రెండు మాటలు: మూలం లేదు.
నెలాఖరుకి మిల్లు నుంచి ఏజెన్సీకి, ఏజెన్సీ నుంచి ఆమెకి
డబ్బు చేరుతుంది.
ఆ ఏటికి ఆటూ పోటూ రెండూ ఉన్నాయి,
ఈ ఏటికి పోటు ఒక్కటే.

మర్నాడు వాక్యం మళ్ళీ అక్కడే.
పెట్టినవాడి పేరు "పాత తెడ్డు".
వేళ, తెల్లవారుజామున నాలుగూ నలభై.
పడవెక్కే ముందన్నమాట.
కారణం గడిలో అతనివీ రెండే మాటలు:
నేను చూశాను.

చూడటం మూలం కాదు.
నియమం అది, మంచి నియమమే.
చూశామని చెప్పి జనం ఏమేం రాసిపోలేదు!
ఉషియా ఒక్కరోజూ అబద్ధమాడలేదు.
అచ్చులో దొరకనిదాన్ని దొరకలేదంది, అంతే.
అచ్చేసిన చిన్న పత్రిక మూతపడిందనీ,
దాని పాత కట్టలు మిల్లే తూకానికి కొని
గుజ్జు చేసిందనీ
ఆమెనెవరూ అడగలేదు.

"ఆ తీరంలో ఇంత తేట నీరు మరెక్కడా లేదు"
ఇది మాత్రం ఆమె సొంత వాక్యం.
ఓ ఆదివారం అనుబంధం దాన్ని ఎత్తి అచ్చేసుకుంది.
ఆ అనుబంధాన్నే ఆమె కింద మూలంగా చూపింది.
నక్క సాక్ష్యానికి తన తోకని పిలిచినట్టు.

పెద్దమనుషులొకసారి వచ్చి ఇద్దర్నీ మందలించి పోయారు.
జీతం లేని పంచాయితీ,
వాళ్ళకూ పిల్లలూ జ్వరాలూ ఉంటాయి.

రెండేళ్ళు.
అతని మొహం తెలీదుగానీ అతని వేళలు తెలుసు.
కార్మెన్ మాత పండగ రాత్రి తప్పతాగి రాసి
ఆల్చిప్పకి ఒత్తు మర్చిపోయాడు.
తీసేసే ముందు ఆమె ఆ ఒత్తు సరిదిద్దింది,
ఎందుకో.
ఆగస్టులో ఆమె సెలవు పెడితే
వాక్యం పద్నాలుగు రోజులు బతికింది.

నవంబరులో ఒక మంగళవారం అది రాలేదు.
బుధవారమూ లేదు.
శనివారం అలారం పెట్టుకుని లేచింది,
నాలుగూ నలభై, చీకట్లో ఫోన్ వెలుగు,
కిటికీ మీద వాన.
పేజీలో వంతెన ఉంది, తెప్పలున్నాయి,
తేట నీరుంది.

చరిత్ర అని రాసి ఉన్నచోట నొక్కి లెక్కపెట్టింది.
అతని పేరు నాలుగువందల పదకొండు సార్లు.
తనది నాలుగువందల పన్నెండు.
ఆ తేడా ఆ ఒక్కటే.

వాక్యం టైపు చేసింది. చూడకుండానే వచ్చేసింది,
ఎక్కడా తడుముకోలేదు.
కారణం గడి దగ్గర వేళ్ళు ఆగాయి.
తను చూడలేదు కదా.
కంప్యూటర్ మూసేసింది.

గెలిచామని ఏజెన్సీలో భోజనం పెట్టారు.
పెద్ద పళ్ళెం, ఆవిరి, నిమ్మచెక్కలు,
నల్లటి చిప్పలు నోళ్ళు తెరుచుకుని.
ఆమె ప్లేటులో ఒకటి బిగుసుకునే ఉంది.
"ఉడికినా నోరు విప్పలేదంటే పాడైనట్టే, తినకు"
అన్నాడు ఫ్రొయ్లాన్, గ్లాసు నింపుతూ.
ఉషియా దాన్ని ప్లేటు అంచుకి జరిపింది.
కాసేపటికి
రుమాలులో చుట్టి సంచిలో వేసుకుంది.

బస్సులో పక్కసీటు ముసలామె
రెండుసార్లు ముక్కు ఎగబీల్చి
"ఎక్కడిదమ్మా ఈ వాసన?" అని అడిగింది.