పోగుల లెక్క

రోల్లా బజార్ల కోయా దుకాణం.
రెండు రోజులల్ల వాపసు ఇయ్యచ్చు అన్నడు.
పదకొండు వందల దిర్హమ్‌లు,
ఏడుగురం పంచుకుంటే మనిషికి నూటయాభై ఏడు.
మిగిలిన ఒక్క దిర్హమ్ ఎవరు వెట్టాల్నని
బస్సు సజ్జా క్యాంపు చేరేదాక కొట్లాట.

డబ్బా మీద రాసుంది:
అడ్డం మూడు వేల ఎనిమిది వందల నలభై చుక్కలు,
నిలువు రెండు వేల నూట అరవై.
గంగమల్లుకు అది గొప్ప లెక్క వినవడ్డది.
నాకు బట్ట లెక్క.
సిరిసిల్లల పద్నాలుగేండ్లు సాంచెల నడుమ నిలవడ్డోన్ని,
పడుగెంత, పేకెంత అని అడగకుండ
తువ్వాల గూడ కొనను.

"మనకెందుకప్పా ఇది" అన్నడు ఓబులేసు
పైమంచం మీదికెల్లి కాళ్లు ఊపుకుంట.
"రాత్రి డ్యూటీ వాళ్లు పగలు పండుకుంటారు,
పగలు డ్యూటీ వాళ్లు రాత్రి.
ఈ రూములో చీకటి ఎవరికి ఖాళీగా ఉండాది?"

వీర్రాజు చింతపండు పిసుకుతున్నడు:
"ఎంత పెద్దది చేసినా
ఫోన్లో ఉన్న ఆ మొహమే కదండీ."

అయినా శుక్రవారం
కిటికీకి దుప్పటి కొట్టినం, నాలుగు మొలలు.
బొమ్మ పడ్డది.
సముద్రం. చేపలు. ఒక్కొక్క పొలుసు మెరుస్తుంటే
కూర మాడుతున్న వాసన ఎవ్వలకు రాలే.

నేను గోడ దాక వోయిన.
గోరు ఆనిచ్చి
ఒక్క అంగుళంల పోగులు లెక్కవెట్టిన.
సగం గూడ లేవు.
డబ్బా మీద పట్టు, గోడ మీద పాలిస్టరు.
"మోసం" అన్న.
"అడ్డం జరుగు" అన్నరు.

గప్పుడే ఫోన్ల చార్జింగు అయిపోయింది.
చేపలు వోయినయ్.
ఉట్టి వెలుగు, తెల్లగ, గోడ నిండ.

ఐదేండ్ల సంది ఆ గోడకు తల ఆనిచ్చి పంటున్న,
ఇప్పుడు కనవడ్డది.
సున్నం కింద సున్నం,
నల్లుల్ని నలిపిన మరకలు,
క్యాలెండర్ ఊడిన బొక్క.
ఇంక కిందికి, నా మెత్త ఉండే కాడ,
మొలతోని గీసిన గీతలు, ఐదైదు కట్టలు.
నూట పద్దెనిమిది.
నెలలా? వారాలా?
పక్కన తెలుగులనే ఒక పేరు:
నాంపెల్లి, కోరుట్ల.
అటెన్క గీత లేదు.

"మా దిక్కే" అన్నడు గంగమల్లు, మెల్లగ.
ఇంటికే వోయిండా, రూము మారిండా...
మిషిను గాలి సప్పుడు తప్ప
ఎవ్వలం మాట్లాడలే.
లైటు బంద్ చెయ్యనీకె ఎవ్వలు లేవలే.

శనివారం వాపసు ఇచ్చినం.
యాభై పట్టుకున్నడు కోయా, అడుగుతె నవ్విండు.
పక్క రూమోళ్లు ఇప్పటికీ అడుగుతరు,
కొనచ్చునా అని.
డబ్బా మీది లెక్క నమ్మకుండ్రి,
దగ్గరికి వోయి సూడుండ్రి అంట.
ఏం సూడాల్నో చెప్ప.

వచ్చే నెల క్యాంపుల సున్నాలు వేస్తరట.
ఓబులేసు పని పెయింటింగే.
నిన్న సైటు మీదికెల్లి టేపు తెచ్చి,
ఆ గీతల మీద పాత పేపరు కప్పి
నాలుగు దిక్కుల అంటించిండు,
బుడగ లేకుంట, బొటనవేలుతోని రుద్ది రుద్ది.