బుధవారం ఏడింటికి

చేత్తో రాసి లిఫ్టులో అంటించాను,
నాణేల డబ్బాకు కాస్త పైన.
కుతాయిసిలో మా తొమ్మిదంతస్తుల మేడ
ఎక్కేవాళ్ళ దగ్గర ఇప్పటికీ నాణెం మింగుతుంది,
దిగేవాళ్ళను ఊరికే వదిలేస్తుంది.

"ఇంటర్నెట్టుతో మాట్లాడే వస్తువుల్ని
మన చేతుల్తో మనమే చేద్దాం.
బుధవారం ఏడింటికి, నేలమాళిగలో.
స్క్రూడ్రైవరు ఉంటే తెచ్చుకోండి.
లేకపోతే కుర్చీ తెచ్చుకోండి."
కింద నా పేరు, మాక్వాలా, మూడో అంతస్తు.

మొదటి బుధవారం
కుర్చీలు రెండొచ్చాయి, మనిషి ఒక్కడే.
నుగ్జార్. ముప్పయ్యేళ్ళు లిఫ్టులు బాగుచేసి
ఇప్పుడు మోకాళ్ళు బాగుచేయించుకుంటున్నవాడు.
రెండోది ఎవరికని అడిగాను.
"వచ్చేవాళ్ళకి."
ఎవరూ రాలేదు.
సోల్డరింగు కడ్డీ ఆ కుర్చీలో పెట్టుకున్నాం.
సీటు మీద చుక్కంత కాలిన మచ్చ,
మా సంఘం రిజిస్టరులో మొదటి సంతకం అదే.

తర్వాతి వారం ఎలిజ్బార్.
పన్నెండేళ్ళు. ఇంట్లో రేడియో విప్పేశాడని
వాళ్ళ నాయనమ్మ చెవి పట్టుకు తెచ్చి దింపింది:
"ఏం విరగ్గొట్టినా ఇక్కడే విరగ్గొట్టరా."
ప్లస్సూ మైనస్సూ తారుమారు చేశాడు,
పొగ లేచింది.
బోర్డు మాడింది, వాడి ముఖమూ మాడింది.
నుగ్జార్ తలెత్తకుండానే అన్నాడు:
"నేనొకసారి పెళ్ళికూతుర్ని
నాలుగుకీ ఐదుకీ మధ్య రెండు గంటలు నిలబెట్టాను.
ఇదేం లెక్క?"

లామ్జిరా టీచరుగారు మాత్రం
గుమ్మంలో నిలబడే అడిగింది,
పరీక్షలో ప్రశ్న వేసినట్టు:
"మీ యంత్రం నా వైనుకు జ్వరం చూస్తుందా?"

నదికి అవతల ఆమె తమ్ముడి పెరట్లో
మెడదాకా పాతిన మట్టికాగు,
లోపల తొక్కలతో సహా పులుస్తున్న ద్రాక్ష.
రాత్రి రెండుసార్లు లేచి
టార్చిలైటు నోట కరుచుకుని
మూత తీసి ముక్కు పెట్టి వస్తోందట.
రసాయనం ఎంత చదివినా
చివరికి ముక్కే గదా, అంది.

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు.
సెన్సరూ అంతే.
పది నిమిషాలకోసారి అడగడం నేర్పాం,
అడిగినప్పుడల్లా అంకె చెప్పడం నేర్పాం.
ద్రావకానికి తట్టుకునేలా దేంతో పూయాలని
మేం ముగ్గురం తలలు గోక్కుంటుంటే
టీచరుగారు సంచీలోంచి తేనెమైనం తీసింది,
కాగులకు లోపల పూసేదే.
సోల్డరింగు కడ్డీ వేడికి అది కరిగి
నేలమాళిగంతా తేనెపట్టు వాసన.

పదకొండు రోజులు
మా నాలుగు ఫోన్లలో కాగు మాట్లాడింది.
ఇరవై నాలుగు. ఇరవై ఆరు. ఇరవై ఆరున్నర.
బేకరీ క్యూలో నిలబడి చూసుకునేదాన్ని,
ఊళ్ళో ఉన్న బిడ్డ ఒంటి వేడి
చెయ్యి పెట్టకుండా తెలిసినట్టు.

పన్నెండో రాత్రి
ఉలుకూ లేదు పలుకూ లేదు.

నేను కోటు తొడుక్కుని దిగేసరికి
కింద నుగ్జార్, కర్రతో, చెప్పులు ఎడమది కుడికి వేసుకుని.
వంతెన మీద ఎలిజ్బార్ కలిశాడు,
వెనకే నాయనమ్మ, తిట్టుకుంటూ, లాంతరుతో.
పెరట్లో టీచరుగారు అప్పటికే మోకాళ్ళ మీద.

తీగను ఏదో కొరికేసింది.
ముళ్ళపంది అన్నాడు కుర్రాడు, సంబరంగా.
కాగుకేమీ కాలేదు.
మూత పక్కకు జరిపి
ఐదు తలలు దాని మీదకి వంచాం.
అడుగునుంచి చిన్న చిన్న బుడగలు,
ఎవరో చీకట్లో గుసగుసగా లెక్కపెట్టుకుంటున్నట్టు.
ఇరవై ఆరు అన్నాను నేను.
ఇరవై ఏడు, అంది ఆమె ముక్కు.
థర్మామీటరు తెచ్చుకుని చూశాం.
ఎవరు నెగ్గారో ఇక్కడ రాయను.

తెల్లవారుజామున తిరిగొచ్చాం.
నేలమాళిగకు దిగడం ఉచితమే గానీ
ఇళ్ళకు ఎక్కాలిగా.
జేబులు తడుముకున్నాం, ఒక్కరి దగ్గరా నాణెం లేదు.
నుగ్జార్ అటూ ఇటూ చూసి
డబ్బా అడుగున బొటనవేలితో ఎక్కడో నొక్కాడు.
లిఫ్టు మూలిగి కదిలింది.

"అదెలా? నాకు నేర్పవా?" అన్నాడు కుర్రాడు.

"బుధవారం," అన్నాడు నుగ్జార్,
"ఏడింటికి."