తీసివేత

చీమకుర్తి నల్లరాయి మీద
పైదేశాల సమాధులకు పేర్లు చెక్కుతాను.
పేర్లు నోరు తిరగవు. అంకెలు తెలుసు.
చావు సంవత్సరంలోంచి పుట్టిన సంవత్సరం తీసేయడం
బీడీలాగే నాకో అలవాటు.

చేరిన కొత్తల్లో ఎనభై ఏడు, తొంభై రెండు వచ్చేవి.
ఒకసారి నూట మూడు!
మలకొండయ్య పాలిష్ మిషనాపి వచ్చి చూసి
"రాయికంటే గట్టిపిండం రా" అన్నాడు,
దగ్గుతూ.

ఈమధ్య లెక్క తేడా కొడుతోంది.
తొంభైల నడుమ ముప్పై నాలుగు,
నలభై ఒకటి, మళ్ళీ ముప్పై.
తప్పు పడిందేమోనని ఆఫీసుకి ఫోన్ చేశా.
"కరెక్టే, చెక్కు" అన్నారు.
అన్ని పాలూ అన్ని మందులూ ఉన్న చోట
ఏం తక్కువై పోయాడో ఆ పిల్లోడు.
రాయి చెప్పదు.
రెండు అంకెల మధ్య చిన్న గీత, అంతే.
దాన్ని గీయడానికి నాకు రెండు నిమిషాలు.

మొన్న ఆదివారం మలకొండయ్య పోయాడు.
ఊపిరితిత్తుల నిండా ఈ పొడే.
వయసెంతని అడిగితే
"దివిసీమ ఉప్పెన నాటికి చంకలో బిడ్డంట"
అంది వాళ్ళావిడ.
కాగితం మీద ఎక్కడా లేదు.

సోమవారం కొత్త పలక ఎక్కించాను.
తొంభై ఆరు.
పొడి లేచింది.
ముక్కుకి తువ్వాల ఇంకో చుట్టు చుట్టుకున్నా.