రెండో వరస

ఇద్రా రేవులో మాకు దొరికింది రెండో వరస.
గట్టుకి కట్టిన పడవకి
కట్టుకున్నాం మా పడవని.
"రండి రండి, బోలెడు చోటు" అని
ఎండకి కందిన పొట్టతో ఒక ఇటలీ ఆయన
చేతులూపాడు గానీ
ఆ బోలెడూ రెండు జానలు.

యోప్ వెనక్కి నడుపుతున్నాడు.
ముందు నిలబడి లంగరు వదిలాను.
నలభై మీటర్లు, అన్నాడు.
నలభై వదిలాను.
అడుగున ఎవరి గొలుసు మీద పడుకుందో
చేపలకి తెలియాలి.

మాల్టా దాటిన ఐదు రోజుల్లో
మా మధ్య అంకె కాని మాట లేదు.
గాలి పద్దెనిమిది.
దిక్కు ఎనభై.
నీ కాపలా రెండింటికి.
అంకెలతో కాపురం చేసెయ్యొచ్చని
పెళ్లినాడు ఎవరూ చెప్పలేదు.

ఈ ద్వీపంలో కార్లు లేవు.
గట్టు మీద ఒక కంచరగాడిద
ఫ్రిజ్ మోసుకుంటూ మెట్లెక్కుతోంది.
దాని ముఖంలో నాకు బాగా తెలిసినవాళ్ళెవరో కనిపించారు.

పొద్దుగూకే వేళ మూడో వరస వచ్చింది.
థెస్సలొనీకి వాళ్లట, ఏడుగురు.
మా ముందు కొనకి తాడేసి
మా నెత్తి మీదుగా ఊళ్లోకి నడక.
అడుగుకో క్షమాపణ: సిగ్నోమి, సిగ్నోమి.
ఆఖరున నల్లబట్టల ముసలమ్మ
సగం దారిలో ఆయాసపడి
మా డెక్ మీదే కూలబడింది.
సంచీలోంచి ఒక పీచ్ పండు తీసి నాకిచ్చి,
యోప్ వైపు గడ్డం ఎగరేసి,
ఎన్నేళ్లని వేళ్లతో అడిగింది.
నా వేళ్లు చాల్లేదు, మూడుసార్లు విప్పి మూసి
పైన ఒకటి చూపించాను.
ఈల వేసింది ముసల్ది!
రేవు సగం తిరిగి చూసింది.

రాత్రి మా నుదుటికి రెండడుగుల పైన
చెప్పుల చప్పుడు.
నడి సముద్రంలో గొంతు చించుకునేవాళ్లం,
లేకపోతే అదీ లేదు.
ఇక్కడ ఇరుకింటి కొత్త జంటలా
గుసగుసలాడాల్సి వచ్చింది.

పడవ అమ్మేద్దామని మాల్టాలో నిజంగానే అన్నావా?
వినబళ్లేదన్నాడు.
దగ్గరికి జరిగి చెవిలో మళ్లీ అడిగాను.
చెవి ఉప్పగా ఉంది.

పైన ఎవరో తూలి
మా తాడు పట్టుకుని నిలదొక్కుకున్నారు.
పడవంతా ఒకసారి ఒరిగి సర్దుకుంది.

మోకాళ్లు, అన్నాడు.
రెండో రాత్రి తెరచాప దించుతూ
మోకాళ్ల మీద కూర్చుని
మరి లేవలేకపోయానన్నాడు.
నువ్వు నిద్రలో ఉన్నావు. పిలవలేదు.

ఎంతసేపు?
ఇరవై నిమిషాలు.
మళ్లీ అంకే.
చీకట్లో తడుముకుని
ఆ మోకాలి మీద చెయ్యి వేసి ఉంచాను,
ఏడుగురూ తిరిగొచ్చి
మా మీదుగా ఒక్కొక్కరే దాటేదాకా.

తెల్లారేసరికి రేవంతా పెళ్లివారి గొడవ.
ఎవరి గొలుసు లాగినా
ఇంకొకడి లంగరు పైకొస్తోంది.
పాండెలిస్ అనే ఆయన
తొట్టిలాంటి పడవలో కొక్కెం పట్టుకొచ్చి
మూడు గొలుసులు ఒకేసారి ఎత్తి
తక్కెడ చూసినట్టు చూశాడు.
అన్నిటికన్నా కింద ఉన్నది మీది,
పైవాళ్లు పోయేదాకా కాఫీ తాగండి,
పది యూరోలివ్వండి అన్నాడు.

తాగాం. రెండేసి కప్పులు.

మధ్యాహ్నం గొలుసు పైకి లాగుతున్నాను.
యోప్ చుక్కాని దగ్గర కూర్చున్నాడు.
నిలబడలేదు, కూర్చున్నాడు,
నేను చూస్తుండగానే.
నలభై మీటర్లూ ఎక్కాక
లంగరుకి తగులుకుని
ఏ హోటలు వాడిదో పాత కుర్చీ పైకొచ్చింది,
నాచు పట్టి, ఒక కాలు విరిగి.
రేవంతా చప్పట్లు.

నీకా నాకా? అని అరిచాను.
వినబడిందనుకుంటా,
భుజాలు ఊగేలా నవ్వుతున్నాడు.

అమ్మే సంగతి ఇద్దరం ఎత్తలేదు.
కుర్చీని వెనక రెయిలింగుకి కట్టేశాం.
దీవి కనుమరుగయ్యేదాకా
అది నీళ్లు కారుస్తూనే ఉంది.