బెత్తెడు దూరం

కూహ్మో ఊరి చివర, పెట్రోలు బంకు వెనక
ఓస్మో కొట్టు.
తలుపు తీస్తే నూనె వాసన, పైన్ చెక్క పొట్టు వాసన,
పొయ్యి మీద మూడోసారి మరుగుతున్న కాఫీ.

పిర్కో బోల్టు తీసేసి
రైఫిల్‌ని బల్ల మీద పెట్టింది.
కనుబొమ మీద నెలవంక గాటు,
నాలుగు రోజులైనా పచ్చి ఆరలేదు.
"స్కోప్ కరిచింది."
"అది కరవదు. నువ్వే దాని నోటికాడికి పోయుంటావు."

ఉత్తరాలు పంచే మనిషి.
యాభై ఎనిమిదో ఏట మొదటిసారి
మూస్ వేటజట్టులో పేరు రాయించుకుంది.
ఆమెకు నవ్వు రాలేదు.

"కోటు తొడుక్కో."
"ఇక్కడ ఉక్కగా ఉంటేనూ?"
"అడవిలో ఉండదుగా.
చొక్కా మీద కొలిచిన దూరం
కోటు మీద అబద్ధమౌతుంది."
టోపీ, మెడగుడ్డ, చేతితొడుగులు, అన్నీ వేయించాడు.
పొయ్యి పక్కన చెమటలు కక్కుతూ
నిలబడింది అక్టోబరు మనిషి.

"అంకెల రింగు చివరిదాకా తిప్పు.
పెద్దగా చూపించేటప్పుడే అది పిసినారి,
కంటికి చోటివ్వదు.
ఇప్పుడు కళ్లు మూసుకో.
తుపాకీని భుజానికి తెచ్చుకో.
దాని కోసం మెడ చాచకు.
దిండు మీద వాల్చినట్టు చెంప వాల్చు,
హాయి అనిపించిన చోట ఆగు.
తెరు.
ఏం కనిపిస్తోంది?"

"గుండ్రంగా వెలుగు. చుట్టూ నల్లటి పట్టీ."
స్క్రూలు వదులు చేసి
గొట్టాన్ని వడ్లగింజంత వెనక్కి జరిపాడు.
మళ్లీ రెప్పలు మూత, మళ్లీ చెంప.
"ఇప్పుడు?"
"అంచున ఎవరో కొరికినట్టుంది.
తల కాస్త ఎత్తితే... ఆఁ, విడిచింది గ్రహణం."
"ఎత్తాల్సింది తల కాదు."
కట్టె మీద అట్టముక్క, దాని మీద టేపు,
ఇంకో అట్టముక్క.
"ఏం బాగుంది ఇది, పగిలిన మోకాలికి కట్టులా?"
"తోలు తర్వాత కుట్టించుకో.
ముందు నీ దవడ ఎముక ఏమంటుందో విననీ."

బోర్లా పడుకోమన్నాడు, అట్టపెట్టెల నడుమ.
అద్దం మీది మీదికొచ్చింది.
"పడుకుంటే ఎవరి మెడైనా ముందుకే పోతుంది.
నువ్వు కాల్చేదెలా?"
"మంచె మీద. కూర్చుని."
"మరి కింద పడి దొర్లుతావేం, లే."
ముక్కాలిపీట తెచ్చాడు.

నాలుగు వేళ్లు చేర్చి
ఆమె కనుబొమకూ ఇత్తడి అంచుకూ మధ్య పెట్టాడు,
గాటుకు తగలకుండా.
బెత్తెడు. సరిగ్గా పట్టింది.

అప్పుడు చూసింది ఆమె:
స్క్రూ గాడిని అతను బొటనవేలి గోటితో
తడుముకుంటున్నాడు.
వచ్చిన దగ్గర్నించీ అడగడమే గానీ
ఒక్కసారీ తను కన్ను పెట్టలేదు.
"నువ్వొకసారి చూడరాదూ," రైఫిల్ చాపింది.

"నాకు నడుమ ఏమీ లేదు, పిర్కో.
అంచులే మిగిలాయి.
నీ మొహం చూడాలంటే నీ చెవి పక్కన చూడాలి.
నీకు అంచున పట్టింది, విడిచింది.
నాకు నడుమ పట్టింది. మూడేళ్లు."
అని, రెంచి ఎక్కడ పెట్టానా అని బల్ల నిమిరాడు.
"బిగించేది నా కంటికి కాదుగా.
కిటికీకి దారం కట్టాను, చివర నట్టు వేలాడుతోంది.
నిలువు గీత దానితో కలిసిందా?"

ఆమె చాలాసేపు చూసింది.
"నువ్వుగింజంత కుడికి తిప్పు. ఇంకాస్త.
చాలు."
ఎదురెదురు మరలు ఒకటొకటిగా బిగించాడు,
చెవి ఒగ్గి, వీణ తీగ సవరించేవాడిలా.

"ఇక ఇరవైసార్లు.
మూసుకో, ఎత్తు, తెరు."
ఏడోసారి దాకా ఆమె వెతుక్కుంది.
పన్నెండోసారి ఊపిరి బిగబట్టింది, తిట్లు తింది.
పద్దెనిమిదోసారి
తెరిచేసరికి నిండుగా ఉంది వెలుగు,
అవతల కిటికీ, రోడ్డు, బంకు గోడ మీద
తుప్పు పట్టిన మేకు తల.

ఇరవయ్యోసారి
ఏం కనిపిస్తోందని అతను అడగలేదు.

టోపీ తీసి విదిలించింది.
కాఫీ ఎప్పుడో మాడింది.
అదే తాగారు.