కొమ్ము

యూనివర్సిటీ గేటుకు ఎదురుగా మా జెరాక్సు అంగడి.
పొద్దన మిషను వేడెక్కేదాకా
చెంగల్రాయులన్న టీ తాగతా ఉంటాడు,
నేను కీబోర్డు మింద దుమ్ము ఊదతా ఉంటా.

ఆ పొద్దు కారు దిగినాయన చొక్కాకు
చెమట మరక లేదు, మే నెలలో, తిరపతిలో.
కపిలతీర్థం రోడ్డు హోటల్లో దిగినాడంట.
ఢిల్లీలో నకలు హక్కుల చట్టం మారస్తా ఉండారంట.
పుస్తకాల పెద్ద కంపెనీల తరపున
రచయితల గొంతు కావాలంట,
నాలుగొందల పన్నెండు.

గొంతు పెన్‌డ్రైవులో తెచ్చినాడు.
ఇంగ్లీషులో ఒక ఉత్తరం, పక్కన పేర్ల పట్టిక.
తెలుగు చెయ్యి, పేరు మార్చు, ప్రింటు తియ్యి.
పేజీకి నాలుగు రూపాయలు.

"నేనొక రచయితను" అని కొట్టినా.
"తరగతి కోసం నా పుస్తకం నకలు తీసుకునే వీలును
చట్టంలోంచి తీసెయ్యండి" అని కొట్టినా.
"మా పొట్ట కొట్టకండి" దగ్గర వేలు జారింది.
ట కింద ఒత్తు, పక్కన ఒక కొమ్ము.
"మా పొట్టు కొట్టకండి."
ఆయనకు తెలుగు రాదు.
అన్న కళ్లద్దాలు ఇంట్లో మరిచొచ్చినాడు.

మిషను కక్కతానే ఉంది,
నకలు తియ్యరాదు, నకలు తియ్యరాదు అని
నాలుగొందల పన్నెండు నకళ్లు.

రెండొందల ఏడో పేరుకాడ చెయ్యి ఆగింది.
పి. గుర్రప్ప, విశ్రాంత ఉపాధ్యాయులు, కాణిపాకం.
మా గుర్రప్ప సారే. కరోనా ఏడాది పోయినాడు.
బతికుండగా పిలకాయల పద్యాలు, నలభై ఎనిమిది పేజీలు,
ఈ మిషను మిందే వంద కాపీలు తీయించి
సంతలో జనాల టమాటా సంచుల్లో ఏసేవాడు,
"చదివినాక ఇంకొకరికి ఇయ్యి నాయనా" అని.
ఇప్పుడాయనకు ఆకలంట.
ఎవరో నకలు తీస్తే ఆయన పొయ్యి ఎలగదంట.

నేను ఆపినానా?
లేదు. పదహారొందల నలభై ఎనిమిది రూపాయలు.
ఆ నెల కరెంటు బిల్లు కట్టేసినా.

ఆ సాయంత్రమే సోమల నుంచి వచ్చి చదువుకునే పిల్ల,
రెడ్డిరాణి, లైబ్రరీ పుస్తకం గుండెకానించుకోని వచ్చింది.
తొమ్మిది వేల పుస్తకమంట, పొద్దన్నే తిరిగియ్యాలంట.
ఒక్క అధ్యాయం చాలక్కా, అనింది.
పేజీలు నలభై. బల్ల మింద చిల్లర ముప్పై నాలుగు.
అన్న రోడ్డు పక్కకు తిరిగి నిలబడినాడు.
నలభయ్యీ తీసిచ్చినా.

ఆర్నెల్లకు పేపర్లో చిన్న ముక్క పడింది.
తెలుగు రచయితలు ఒక్క గొంతుతో కోరినారని.
పకోడీ చుట్టిన కాగితం అది,
నూనె పడినకాడ అక్షరాలు ఇంకా బాగా కనపడినాయి.

మాటలు కంపెనీవి. పేర్లు పట్టికవి.
సంతకాలు లాడ్జి పిలకాయలు తలా ఒక పెన్నుతో చేసినవి.
ఆ కట్టలో ఒక్క కొమ్ము మాత్రం
నా సొంతం.
కావాల్సినోళ్లు కాపీ కొట్టుకోండి,
నన్ను అడిగే పని లేదు.