నాదే

కేజీహెచ్ ఓపీలో వేలిముద్ర మూడుసార్లు పడలేదు.
బర్మా క్యాంపులో నలభై ఏళ్ళు
ఖౌసే బండి మీద కాలిన వేళ్ళు మరి.

"ఎక్కడ నొప్పి మామ్మా?" అంది డాక్టరమ్మ.
"నాదే" అంది మా అత్త పైడిరాజమ్మ.
"ఏది నీది?"
"నాదే, నాదే."
నర్సు బెడ్డు కోసమనుకుంది.
వెనక లైన్లో ఎవరో
చీటీ కోసం గొడవనుకున్నారు.

పక్షవాతం వచ్చాక తెలుగు
ఒక్కో మాటా ఓడ దిగి వెళ్ళిపోయింది.
మిగిలింది
రంగూన్ వీధిలో తొక్కుడుబిళ్ళ ఆడిన భాష.
దాహమేస్తే "యే" అంటుంది.
"ఏటి?" అంటాడు వార్డుబాయి.

నాకొచ్చినవి నాలుగు ముక్కలు,
మావయ్య తిట్లతో కలిపి.
అయినా ఇది తెలుసు:
అక్కడ నాదే అంటే నొప్పి.

చెప్పాను. పెన్ను ఆగింది.
"ఎక్కడో అడగండి."
అడగడం నాకు రాదు.
మోకాలి మీద చెయ్యి వేశాను, నడుం మీద,
మెడ కింద.
అన్నిటికీ తలూపింది.

రాత్రి డ్యూటీ వాళ్ళ కోసం
చీటీ పైన ఎర్రసిరాతో రాసిందామె:
నాదే అంటే నొప్పి, యే అంటే నీళ్ళు.

ఆ చీటీ అత్త కొంగున ముడేసుకుంది.
మందుల కౌంటర్లో అడిగితే ఇవ్వదు.
"నాదే" అంటుంది,
ఏ భాషలోనో.